రోగం సంగతి తర్వాత, ముందు మీ సంగతి చెప్పండి

ఏమండోయ్, మీకు కలలొస్తాయా? ఆకాశంలో ఎగురుతున్నట్టు, కొండలెక్కుతున్నట్టు? లేకపోతే మంటలూ మెరుపులూనా? పోనీ, తామరపూల చెరువులూ, చల్లటి మబ్బులూనా? కంగారు పడకండి, సోది చెప్పడానికి రాలేదు. ఆయుర్వేదపు పాత పుస్తకాలు మనిషి తీరు పట్టుకోవడానికి చెప్పిన ఆనవాళ్ళలో కలలు కూడా ఉన్నాయి. ఎగిరేవాళ్ళది వాత ప్రకృతిట. మంటల వాళ్ళది పిత్తం. చెరువు గట్టున హాయిగా కూర్చునేవాళ్ళది కఫం. కడుపునొప్పని వెళ్తే కలల గొడవేమిటండీ అంటారా? మజా అంతా అక్కడే ఉంది మరి!

ఆ వైద్యానికి నొప్పి ఎక్కడో తెలిస్తే సరిపోదు. ఎవరికొచ్చిందో తెలియాలి. అందుకే మంచి ఆయుర్వేద వైద్యుడి ఎదుట కూర్చుంటే పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టే ఉంటుంది. ఆకలెలా ఉంది? నిద్ర పడుతుందా? విరేచనం సాఫీగా అవుతుందా? చెమట ఎక్కువా? కోపం వస్తుందా? ఏ ఊరు? చిన్నప్పట్నుంచీ ఏం తిని పెరిగారు? మనం సిగ్గుతో చస్తుంటే ఆయన మాత్రం తాపీగా రాసుకుంటూ ఉంటాడు.

రోగిని చూడు, తాకు, అడుగు అని మూడు ముక్కల్లో తేల్చేశాడు, ఆ పాత పుస్తకాలు రాసినవాళ్ళలో ఒకడైన వాగ్భటుడు. వాళ్ళలోనే ఇంకొకడు, చరకుడు, అంత తేలిగ్గా వదిలే రకం కాదు. పది సంగతులు చూడమన్నాడు. పుట్టుకతో వచ్చిన ఒంటి తత్వం, ఇప్పుడొచ్చిన తేడా, అలవాటైన తిండి, మనసు గట్టిదనం, అరిగించుకునే శక్తి, వయసు... ఇలా సాగుతుంది. వాటిలో కొలతలు కూడా ఉన్నాయండోయ్. మనిషి ఎత్తు 84 అంగుళాలన్నాడు. ఉలిక్కిపడకండి, అవి టేపు మీద అంగుళాలు కావు. ఎవరి వేలి వెడల్పుతో వాళ్ళనే కొలవాలి. పొట్టివాడు తన వేళ్ళతో తనని కొలుచుకుంటే నిండు మనిషే! ఈ ఒక్క ఏర్పాటుకే చరకుడికి దండం పెట్టొచ్చు.

ఇక ప్రకృతి. తల్లి కడుపులో పడ్డప్పుడే ఇది ఖాయమైపోతుందట. మొత్తం ఏడు రకాలు. ఒంటిని నడిపే వాతం, పిత్తం, కఫం అనే దోషాలు విడివిడిగా మూడు, రెండేసి కలిసినవి మూడు, మూడూ సమానంగా ఉన్న భాగ్యశాలి ఒకడు. ఆ ఏడోవాణ్ణి నేనైతే ఇంతవరకూ చూడలేదు. మీ వీధిలో ఉన్నాడా?

లక్షణాలు చదువుతుంటే చుట్టాలంతా కళ్ళముందు వరసకడతారు. గబగబా నడిచి, గలగలా వాగి, కూర్చుని లేస్తే కీళ్ళు టకటకమనేవాళ్ళు వాతం. పట్టుమని ఒక పూట ఆకలికి ఓర్చుకోలేక, చిరచిరలాడుతూ, వయసు రాకుండానే జుట్టు నెరిసిపోయి బట్టతల తెచ్చుకునేవాళ్ళు పిత్తం. మా బావగారు ఈ ముక్క విన్నాక నెత్తి తడుముకోవడం మానేశారు, నెపం పిత్తం మీదికి పోయింది కదా! నెమ్మదిగా కదిలి, పడుకోగానే నిద్రపోయి, గంభీరమైన గొంతుతో మాట్లాడేవాళ్ళు కఫం. వాళ్ళతో మాత్రం తగువు పెట్టుకోకండి. పగ పట్టారంటే ఓ పట్టాన వదలరని మరో పాత వైద్యుడు సుశ్రుతుడే చెప్పాడు.

నాడి మాటేమిటి అంటారా? వస్తున్నా, వస్తున్నా. మూడు వేళ్ళు మణికట్టు మీద పెడతారు. చూపుడువేలి కింద వాతం, నడిమివేలి కింద పిత్తం, ఉంగరం వేలి కింద కఫం. వాతం పాములా, జలగలా మెలికలు తిరుగుతుంది. పిత్తం కాకిలా, కప్పలా గెంతుతుంది. కఫం హంసలా, పావురంలా నడుస్తుంది. మనిషి చేతిలో ఇంత జంతుప్రదర్శనశాల ఉందని ఎవరనుకుంటారు! చిత్రమేమిటంటే చరకుడూ సుశ్రుతుడూ ఈ పద్ధతి చెప్పలేదు. దీన్ని వివరంగా రాసింది తర్వాతి కాలపు శార్ఙ్గధరుడు. మన తెలుగునేల మీద పుట్టిన బసవరాజీయం అనే వైద్య గ్రంథంలోనూ నాడికి పెద్దపీటే. అన్నం తినగానో, స్నానం చేయగానో చెయ్యి చాపితే మాత్రం నాడి చూడకూడదు. ఇంకో మాట, గుట్టుగా. ఒకే చెయ్యి ఇద్దరు వైద్యులు పట్టుకుంటే రెండు మాటలు వినబడడం కద్దు. అందుకే నాడి ఒక్కటే పట్టుకుని జాతకం చెప్పేవాళ్ళంటే నాకు గురి తక్కువ.

అసలు రుచి మందు దగ్గరుంది. కరక్కాయే తీసుకోండి. ఏడాది పొడుగునా ఒకటే కాయ. తోడు మాత్రం రుతువుకొకటి మారుతుంది. వానాకాలం సైంధవ లవణంతో, శరత్తులో పంచదారతో, హేమంతంలో శొంఠితో, శిశిరంలో పిప్పళ్ళతో, వసంతంలో తేనెతో, ఎండాకాలం బెల్లంతో. కాలానికే ఇంత మర్యాద ఉంటే మనిషికి ఉండదా? కొందరికి కాసిన్ని పాలు తాగినా, చెరుకురసం పుచ్చుకున్నా కడుపు కదిలిపోతుంది. వాళ్ళది మృదు కోష్ఠం. ఇంకొందరిది క్రూర కోష్ఠం, వీటికి చలించదు. ఇద్దరికీ ఒకే మోతాదు ఎలా ఇస్తారు, చెప్పండి? ఏమీ తేలకపోతే ఇచ్చి చూడడమే. నూనె రాస్తే నొప్పి తగ్గిందా, వాతం. రాసేకొద్దీ పెరిగిందా, లోపల ఆమం, అంటే సరిగా అరగని సరుకు, పేరుకుంది. ఇలా ఇచ్చి చూసి తేల్చుకోవడాన్ని ఉపశయం అన్నారు, రోగం పట్టుకునే అయిదు దారుల్లో అదొకటి.

ఇదంతా పాతకాలపు ముచ్చటేనా అని మీరు మూతి విరిచేలోపు హైదరాబాదులోని పరిశోధన సంస్థ సీసీఎంబీ సంగతి చెప్పేస్తాను. అక్కడి శాస్త్రవేత్తలు ఇతర సంస్థలతో కలిసి 3,416 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళ ప్రకృతిని వైద్యుల చేత చూపించారు. ఏదో ఒక దోషం స్పష్టంగా పైచేయిగా ఉన్న 262 మందిని ఏరి, వాళ్ళ జన్యువులు పరీక్షించారు. మూడు ప్రకృతులకూ జన్యువుల్లో కొన్ని తేడాలు కనిపించాయి. 2015లో అచ్చువేశారు. దాంతో ప్రతి లేహ్యమూ పనిచేస్తుందని రుజువైపోలేదు లెండి. మనుషులందర్నీ ఒకే గాటన కట్టకూడదన్న పాతమాటకు కొంచెం దన్ను దొరికింది, అంతే.

మరి వైద్యుడి దగ్గరికి వెళ్ళినప్పుడు "బాగానే ఉందండీ" అని ముక్తసరిగా తేల్చెయ్యకండి. రాత్రి పెరుగన్నంలోకి నంజుకున్న ఆవకాయతో సహా చెప్పండి. రోజూ వేసుకునే బీపీ, షుగరు బిళ్ళల మాట అసలు దాచొద్దు. అలాగే ఆయనిచ్చిన చూర్ణం మాట ఇంగ్లీషు డాక్టరుగారి చెవిన కూడా వెయ్యండి. ఏదీ ఎవరికీ చెప్పకుండా అన్నీ మింగేవాళ్ళకు చరకుడు కూడా ఏం చెయ్యలేడు.