బావ బండి, మూడో స్క్రూ

పటాన్‌చెరు, సోమవారం రాత్రి

అక్కా,

ఫోన్‌లో చెప్పాల్సిన సంగతే. కానీ నువ్వు స్పీకర్ పెడతావు, పక్కన బావ చెవి రిక్కిస్తాడు. అందుకే ఇన్నేళ్లకు కాగితం పట్టాను. మిషన్ దగ్గర ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

జహీరాబాద్ దారిలో బావ బండి మొండికేసింది. మియాపూర్ దాకా బుద్ధిగానే వచ్చింది. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ దాటానో లేదో వాన అందుకుంది. పటాన్‌చెరులో రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. పెట్రోల్‌లో నీళ్లు కలిశాయనుకున్నాను. మూసున్న షట్టర్ ముందు రేకుల కింద నిలబెట్టి, బావ పానాల సంచి విప్పి, కార్బొరేటర్ కింది గిన్నె ఊడదీయడం మొదలుపెట్టాను. చివరి స్క్రూ తడి వేళ్లలోంచి జారింది. టింగ్‌మని ఇంజిన్ మీద, టక్‌మని సైలెన్సర్ మీద. ఆ తర్వాత చప్పుడే లేదు.

నేనేం చేశానో తెలుసా? ఎగిరి వెనక్కి దూకాను. బండిని అటూ ఇటూ ఊపాను. కాలితో నీళ్లు చిమ్మాను. అంటే, చేయకూడనివన్నీ వరుసగా చేశాను. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. చిన్నప్పుడు సూది కింద పడితే "ఎక్కడోళ్లు అక్కడే ఉండుర్రి" అని అరిచేదానివి. అన్నం కంచం ముందు ముద్ద పట్టుకుని అమ్మ, తలుపు దగ్గర ఒంటికాలి మీద నేను. నువ్వు దీపం తెచ్చి నేల మీదే పెట్టేదానివి. పైనుంచి చూస్తే కనిపించని సూది, పక్కనుంచి వెలుగు పడితే తనకన్నా పొడుగు నీడ వేసుకుని దొరికిపోయేది. సరిగ్గా అలాగే ఫోన్ లైట్ నేలకు ఆనించి పెట్టాను. స్క్రూ కింద పడనే లేదు! స్టాండ్ సందులో పాత గ్రీజుకు అంటుకుని ఉంది.

కార్బొరేటర్‌లోంచి తీసిన జెట్టు మాత్రం ఏడిపించింది. గింజంత ఉంటుంది, మధ్యలో సన్నటి బెజ్జం. ఊదుతుంటే జారి గచ్చు పగులులో పడింది. బావ సంచిలో కడ్డీకి బిగించిన అయస్కాంతం ఉంటే పావుగంట తిప్పాను. రేకుముక్కలొచ్చాయి, ఎవరిదో గుండీ వచ్చింది, జెట్టు రాలేదు. ఇత్తడి కదా! ఇత్తడికి అయస్కాంతం పట్టదని ఏడో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. వానలో తడుస్తున్నవాడికి తెలియదు. చివరికి చీపురు పుల్ల మొనకు గ్రీజు రాసి అంటించి లాగాను. అన్నీ దొరికాయి, అన్నీ బిగించాను, బండి స్టార్టయింది. నీ తమ్ముడు మరీ అంత పనికిరానివాడేం కాదు.

లాడ్జి గదికి ఏడు వందలు. కిటికీ తీస్తే మందుల కంపెనీల వైపు నుంచి ఏదో ఘాటు గాలి వస్తోంది. గొంతు గరగరలాడుతోంది. అమ్మ మిరియాల పాలు గుర్తొస్తున్నాయి. ఆమెకు చెప్పకు, నిద్రపోదు.

ఇస్నాపూర్, మంగళవారం మధ్యాహ్నం

అక్కా, నిన్నటి గొప్పలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ముత్తంగి దాటగానే క్లచ్ జారడం మొదలైంది. ఇంజిన్ అరుస్తోంది, చక్రం కదలడం లేదు. వెనక ట్యాంకర్ హారన్. ట్రాలీ ఆటో అతను ఇస్నాపూర్‌కు ఆరు వందలు అన్నాడు. నేను రెండు వందలు అన్నాను. "బండి మీద నన్ను కూసోబెట్టి నువ్వే నూకు, ఊకెనే వస్త" అన్నాడు. మూడు వందల యాభైకి తెగింది. ఎక్కించాక "తాడుకు ఇరవై" అన్నాడు. దారంతా ఆ ఇరవై మీదే తగువు. దిగాక ఆ ఇరవైతో ఇద్దరం చాయ్ తాగాం. ఆకలేస్తే పోహా కూడా తిన్నాను. ఈ ఊళ్లో బీహార్, ఒడిశా కార్మికుల కోసం పొద్దున షిఫ్టు వేళకు బండ్ల మీద పోహా, పూరీ పొగలు కక్కుతుంటాయి. వేయించిన పల్లీలు, పిండిన నిమ్మకాయ, పక్కన పచ్చిమిర్చి. రెండు ప్లేట్లు. నీ ఉప్మాకన్నా బాగుంది, కోప్పడకు.

మెకానిక్ కుర్రాడికి పాతికేళ్లు ఉండవు. నేను అలవాటుగా కిక్ మీద కాలు పెట్టబోతే "కొట్టకున్రి సార్, లోపల ఏమున్నదో చూడనియ్యి" అన్నాడు. ఆయిల్ వంపాడు. తర్వాత ఏం చేశాడనుకున్నావు? బిస్కెట్ల అట్టపెట్టె చింపి, ఇంజిన్ కుడివైపు మూత బొమ్మ దాని మీద గీశాడు. ఒక్కో బోల్టు విప్పగానే అట్ట మీద అదే చోట బెజ్జం పొడిచి గుచ్చాడు. చూడ్డానికి ఆ బోల్టులన్నీ అన్నదమ్ములే, పొడవులు మాత్రం వేరు. పొట్టిదాని చోట పొడుగుది పెట్టి బిగిస్తే అడుగు తన్ని మూతో మరో పగులుతుంది. పొడుగుదాని చోట పొట్టిది పెడితే రెండు చుట్లే పట్టి మర ఊడుతుంది. నువ్వు జాకెట్ ముక్కలకు సుద్దతో నంబర్లు వేస్తావే, అలాగన్నమాట.

బండి కింద తెల్లగుడ్డ పరిచాడు. సాకెట్‌లో కాస్త గ్రీజు పెట్టి అందులో బోల్టు గుచ్చాడు. తలకిందులు చేసినా ఊడదు. అయస్కాంతం కడ్డీకి పాలిథిన్ కవర్ తొడిగాడు. పని అయ్యాక కవర్ తిరగేసి లాగితే ఇనుప రజను కవర్‌తో పాటే పోతుందట. తెరిచి ఉన్న ప్రతి బెజ్జంలో గుడ్డ కుక్కాడు. "వెతుకుడు పని కాదు సార్. పడనియ్యకపోవుడే పని" అన్నాడు.

చాయ్ దగ్గర కూర్చున్న పెద్దాయన ఈ మాటకు నవ్వాడు. టర్బైన్ల పని చేసి రిటైరయ్యాడట. తెరిచిన కేసింగ్ మీదికి వంగేముందు చొక్కా జేబులోని పెన్ను కూడా తీసి పక్కన పెట్టాలట. లోపలికి తీసుకెళ్లిన పానాలన్నీ లెక్క సరిపోతే తప్ప మూత మూయరట. 2000లో పారిస్ దగ్గర కాంకర్డ్ విమానం కూలి 113 మంది పోయింది కూడా, అంతకుముందు లేచిన విమానం నుంచి రన్‌వే మీద రాలిన రేకుముక్క వల్లేనని గుర్తుచేశాడు. అది టైటానియం. అయస్కాంతానికి అదీ పట్టదు. నా జెట్టుకు ఎంత గొప్ప చుట్టం ఉందో చూడు.

ఇక అసలు సంగతి. మూత తీయగానే కుర్రాడు లోపల చిన్న గుండ్రటి మూతకున్న మూడు స్క్రూలు చూపించాడు. రెండిటి తలలు నల్లబడి ఉన్నాయి, ఒకటి మిలమిలలాడుతోంది. "ఇది కొత్తది. పాతది యాడవోయింది?" అన్నాడు. అడుగున ఆయిల్ జాలీ లాగితే క్లచ్ ప్లేట్ల పొట్టు. ఆ సందులోకి అయస్కాంతం దించాడు. టిక్. నల్లటి ఆయిల్ కారుతూ మూడో స్క్రూ బయటికొచ్చింది!

రెండేళ్ల కింద దసరా సెలవుల్లో బావ వాకిట్లో బండి విప్పాడు కదా. మధ్యలో "ఇప్పుడే వస్త" అని బజారుకు పోయి అరగంటకు వచ్చాడు. సాయంత్రం అందరినీ పిలిచి, ఖాళీ ప్లేటు చూపించి, "చూడుర్రి, ఒక్క స్క్రూ మిగల్లేదు" అన్నాడు. ఎలా మిగులుతుంది అక్కా? అది ఇంజిన్‌లో ఉంటే! "పండ్ల చక్రాల్ల పడలే, మీ నసీబు మంచిది" అన్నాడు కుర్రాడు.

సంగారెడ్డి, బుధవారం ఉదయం

రాత్రి ఒళ్లు కాలింది, ఇప్పుడు నయం. క్లచ్ కొత్త పెళ్లికూతురిలా మెత్తగా పడుతోంది. కంది దగ్గర ఐఐటీ గోడ ఎంతసేపటికీ తరగలేదు. 1796 నాటి జైలును సంగారెడ్డిలో మ్యూజియం చేశారు. ఐదు వందలు కడితే ఒకరోజు ఖైదీగా ఉంచేవారని పేపర్లో చదివినట్టు గుర్తు. ఈ జ్వరంతో లాడ్జి గదిలో నేను ఎలాగూ అదే అనుభవించాను, లోపలికి పోలేదు. హోటల్లో వేడి జొన్నరొట్టె, ఎర్రకారం పెట్టారు. రొట్టె అంచు విరిస్తే అమ్మ చేతి వాసన. రెండో రొట్టె తినలేకపోయాను, ఇల్లు గుర్తొచ్చింది.

మధ్యాహ్నానికి జహీరాబాద్ చేరతాను. రేపే తొట్టెల. నువ్వు కుట్టిన బొంత తడవలేదు, సీటు కింద కాకుండా నా చొక్కా లోపల దాచాను.

ఈ కాగితం వెనక టేపుతో అంటించింది బావ మూడో స్క్రూ. నీ సూదుల డబ్బాలో అయస్కాంతానికి తగిలించు. "నీ తమ్మునికి బండి ఇస్తే" అని ఆయన ఎప్పుడు మొదలుపెట్టినా, మాట్లాడకుండా డబ్బా మూత తీయి.

ఇంకొకటి. సోమవారం అన్నీ దొరికాయని రాశాను కదా. కార్బొరేటర్ స్క్రూకు ఉండే స్ప్రింగ్ వాషర్ దొరకలేదు. కుర్రాడి దగ్గర రెండు రూపాయలకు కొని వేయించాను. నాది ఇంకా పటాన్‌చెరులో ఆ షట్టర్ ముందు ఎక్కడో ఉంది.

అది మాత్రం బావకు చెప్పకు.

నీ తమ్ముడు