ఇనుపగొట్టముల సంధి

ఈ శీర్షికను జూచి, ‘ఇది మగవారి కార్ఖానా వ్యవహారము, మనకేల’ యని పుట త్రిప్పివేయకుడు. రవికె చేతిని కత్తిరించి, చంకయొద్ద ముడుత పడకుండ కుట్టగల ప్రతి యిల్లాలికిని ఈ విద్యలో సగపాలు ముందే తెలిసియున్నది. మిగిలిన సగపాలు మేము మొన్నటి వేసవిలో గోదావరిఖనిలోని యొక వెల్డింగు దుకాణపు గుమ్మమున గూర్చుండి తెలిసికొంటిమి.

మా యక్కగారి కుమారుడు మెకానికల్ ఇంజనీరింగు కడపటి సంవత్సరము చదువుచున్నాడు. వాడును వాని తోడివారును గలిసి, ఒక్కరు మాత్రమే కూర్చుండదగిన చిన్నబండి నొకదానిని స్వయముగా తయారుచేసి, గుట్టలలో గుంటలలో నడపవలసిన ‘బాహా’ యను పోటీకి గొనిపోవ సంకల్పించిరి. ఈ పోటీ 1976లో అమెరికాలోని దక్షిణ కరొలినా విశ్వవిద్యాలయమున బుట్టినది. మన దేశమున 2007లో మధ్యప్రదేశములోని పీథంపురమున ప్రారంభమైనది. బండిని నడుపువాడు మావాడే. ఈ మాట చెవిని బడినది మొదలు మా యక్కగారికి నిద్ర లేదు. “చెల్లీ, వాడు ఆ బండి ఎక్కకుండ జూడవే” యని దినమునకు రెండుమారులు ఫోను చేయుచుండెను. ఇరువదియొక్క యేండ్లవానిని ఎక్కవద్దనుటకు మేమెవరము? ఎక్కిన బండి తలక్రిందులైనచో వాని ప్రాణమునకు అడ్డుపడునది సరిగా నున్నదో లేదో చూచుట మాత్రము మా చేతిలోని పని యని తోచినది.

ఆ యడ్డుపడు వస్తువు పేరు రోల్ కేజ్. ఉక్కుగొట్టములను వంచి, అతికి, కూర్చున్నవాని చుట్టును కట్టిన పంజరము. బండి పల్టీకొట్టి బోరగిలబడినను ఆ పంజరము నలుగకుండ నిలిచి, లోపలివాని తలకును నేలకును నడుమ చోటు నిలుపవలెను. పొలములలో ట్రాక్టరు తిరుగబడి దానిని నడుపువాడు క్రింద నలిగిపోవుట మన పల్లెలలో ఎరుగని సంగతి కాదు. స్వీడన్ దేశమువారు 1959లోనే కొత్త ట్రాక్టరులన్నిటికిని ఇట్టి రక్షణచట్రము ఉండితీరవలెనని చట్టము చేసిరి. తరువాత నచట అట్టి మరణములు మిక్కిలి తగ్గిపోయినవి.

బాహా నియమములలో పంజరపు ముఖ్యమైన గొట్టములకు వెలుపలి కొలత 25.4 మిల్లీమీటర్లు, గోడ మందము 3.05 మిల్లీమీటర్లు, ఉక్కులో కర్బనము నూటికి 0.18 పాళ్లకు తగ్గకుండుట అని యొక ప్రమాణము గలదు. గొట్టము కొనుట డబ్బుతో నగును. చిక్కంతయు ఒక గొట్టము మఱియొక గొట్టమును గలియు చోటనే.

నిలువు గొట్టము గుండ్రని వస్తువు. దానికి అడ్డముగా వచ్చు గొట్టము కొన చదునుగా నున్నచో, రెండును ఒక్క గీతయందు మాత్రమే తాకి, ఇరుప్రక్కల సందులు మిగులును. కావున వచ్చు గొట్టము నోటిని దోనెవలె తొలిచి, నిలువు గొట్టమును కౌగిలించునట్లు చేయవలెను. పూర్వము పూరింటికి నిట్టాడు నిలుపువారు దాని తలను గొడ్డలితో తొలిచి దూలమును కూర్చుండబెట్టుట ఈ కోవలోనిదే. మేము చిన్ననాట మా తండ్రిగారియొద్ద చిన్నయసూరి బాలవ్యాకరణము వల్లించిన దినములు ఇచట జ్ఞప్తికి వచ్చినవి. సంధియందు ముందు పదపు కడపటి అచ్చు తొలగి, వెనుక పదపు అచ్చు నిలుచును. పంజరమునందును అంతే: ఒకటి తన కొనను గోల్పోవును, రెండవది చెక్కుచెదరక నిలుచును. తలమీది ముఖ్యమైన విల్లును ఎన్నడును కోయరాదు. దానిని చేరవచ్చినదియే లొంగవలెను.

సందు మిగిలినచో నేమి, వెల్డింగుతో పూడ్చవచ్చును గదా యని మేమడిగితిమి. దుకాణపు మేస్త్రి బొగ్గుగని వర్క్‌షాపులో పనిచేసి పదవీవిరమణ పొందిన వృద్ధుడు. “అమ్మా, సందు లేకుంట కూసుంటె సగం వెల్డింగు అయినట్లే. సందుంటె మసి పూసి మారేడుకాయ చేసుడే” యనెను. సందును నింపుటకు వేడిమి ఎక్కువసేపు పెట్టవలెను. పలుచని గోడ కరగి చిల్లిపడును. నింపిన లోహము చల్లారునపుడు ముడుచుకొని గొట్టమును తనవైపు లాగికొనును. పది సంధులు ఈ విధముగా లాగినచో పంజరమే వంకరపోవును. అంతకన్న కీడు మఱియొకటి: పైకి నిండుగా గనబడు అతుకు లోపల డొల్లగా నుండవచ్చును.

ఇంతవరకు మేస్త్రికిని మావానికిని భేదము లేదు. దేనితో కోయవలెనన్న దగ్గర జగడము పుట్టినది. “చిన్నమ్మా, నాచర్ కావాలె, చేతితో అయ్యే పని కాదు” అని వాడు. “నలభై ఏండ్ల సంది గ్రైండరుతోనే కోస్తున్న” అని మేస్త్రి. పిల్లలయొద్ద మిగిలిన సొమ్మో స్వల్పము. ఇరువురిని పని చేయించి చూచినపిదప, ఇరువురి మాటయందును సగము సగము సత్యమున్నదని మాకు తోచినది.

చేతిపని మొదట చెప్పెదము. ఇది కేవలము మన దర్జీపని. మందమైన కాగితమును గొట్టము చుట్టుకొలతకు కత్తిరింతురు, 25.4 మిల్లీమీటర్ల గొట్టమునకు చుట్టుకొలత ఇంచుమించు 80 మిల్లీమీటర్లు. దానిని సమభాగములు చేసి, ఒక్కొక్క గీతపై ఎంత లోతు తీయవలెనో గుర్తించి, గుర్తులను కలిపినచో అలవలె వంపు తేలును. రవికె చేతికి గీయు వంపును తలచుకొనుడు. అందు ఒక మిట్ట, ఒక పల్లము ఉండును. ఇందు రెండు మిట్టలు, రెండు పల్లములు. సమానమైన రెండు గొట్టములు నిలువుకోణమున గలియునపుడు పల్లపు లోతు గొట్టపు కొలతలో సగము, అనగా అర అంగుళము. ఆ కాగితమును చుట్టి, గీత గీసి, గ్రైండరుతో పైపైన కోసి, అర్ధచంద్రాకారపు ఆకురాయితో చక్కజేయుదురు. ఇందొక మెలకువ గలదు. కాగితము వెలుపలి అంచును మాత్రమే చూపును. గోడకు మందమున్నది గనుక, లోపలి అంచు ముందుగా తాకి వెలుపల సందు నిలుపును. లోపలి అంచును ఆకురాయితో కొంత అదనముగా తీసినగాని గొట్టము కూర్చుండదు. మేస్త్రి దీనిని ఎవరికిని చెప్పడు. అతని చెయ్యి చేసికొనిపోవుచుండును. మేము పట్టి పట్టి యడుగగా చూపించెను.

ఇక నాచర్. గొట్టమును బిగించు పట్టు, కోణము తిప్పుకొను పళ్ళెము, ఒక కడ్డీ, ఆ కడ్డీ చివర హోల్ సా యను పండ్లుగల గుండ్రని గిన్నె, దానిని త్రిప్పుటకు డ్రిల్లు: ఇంతే యంత్రము. గిన్నె వెలుపలి కొలత నిలువు గొట్టపు వెలుపలి కొలతకు సరిపోవలెను. ఇది కోసిన కోత నిలువు గొట్టపు వంపుతోనే సాగును గనుక లోపలి అంచు బాధ లేదు. ఒక కోతకు రెండు మూడు నిమిషములు చాలును. ఇరువదవ కోతయు మొదటిదానివలెనే వచ్చును.

కాని కొనునపుడు చూడవలసినది రంగును, పెట్టెను గాదు. కడ్డీని పట్టి ఊపి చూడవలెను. నడిమి మేకు వదులైన తిరుగలి ఎట్టి పిండి విసరునో మనమెరుగుదుము. కడ్డీ ఊగులాడు నాచర్ అట్టి కోతయే కోయును. దానిని బల్లకు బోల్టులతో బిగింపవలెను. డ్రిల్లు మెల్లగా తిరుగునదై యుండవలెను. అంగుళపు గిన్నెకు మామూలు ఉక్కుపై నిమిషమునకు సుమారు 350 చుట్లు తగును. ఇండ్లలో మేకులకు రంధ్రములు చేయు చిన్నడ్రిల్లు రెండువేలకు పైబడి తిరుగును. దానితో కోసినచో పండ్లు మాడి గిన్నె ఒక్కపూటకే చెడును. మధ్యమధ్య కోతనూనె చుక్కలు వేయుచుండవలెను.

లేతు యంత్రము గల టర్నింగు దుకాణమువారు గొట్టమును బిగించి మిల్లింగు కట్టరుతో మిక్కిలి చక్కగా కోయగలరు గాని, ఒక్కొక్కటి బిగించుటకే ప్రొద్దుపోవును. పిడి నొక్కి కొఱుకు యంత్రము మెట్ల కటకటాలకు చాలును. నిలువుకోణము తప్ప వేఱొకటి ఎరుగదు. లేసరుతో కోసి పంపువారు పట్టణములలో నున్నారు. నూరు పంజరములు చేయువారికి అది తగును.

కొలత మాట ఒకటి చెప్పి ముందునకు సాగెదము. దుకాణమునకుబోయి ‘అంగుళము పైపు’ అడిగినచో నీళ్ల పైపు ఇత్తురు. దానికి అంగుళమన్నది పేరు మాత్రమే. వెలుపలి కొలత 33.7 మిల్లీమీటర్లు. అంగుళపు గిన్నెతో దానికి తగినట్లు కోయ జూచిన కుదురదు. పైగా ఆ పైపు తెల్లని జింకు పూతది యైనచో, వెల్డింగు చేయునపుడు లేచు పొగను పీల్చినవారికి నాటి రాత్రియే చలిజ్వరము వచ్చును. ఇంట ఊయల చట్రమునకో పందిరికో వెల్డరును పిలిచిన యమ్మలు, అతుకు చోట పూతను గీకించి, బయట గాలిలో పని చేయించుడు. గ్రైండరు దగ్గరకు కొంగుతో, గాజుల చేతులతో పోకుడు. ఆ చక్రముపై గడువు తేదీ అచ్చువేసియుండును. మందుసీసాపై చూచినట్లే దానిని చూడవలెను.

మావాని పంజరములో ముప్పదియెనిమిది కోతలు. అందు ముప్పదిరెండు నిలువుకోణమునకు దగ్గరివి. ఆరు మాత్రము మిక్కిలి ఏటవాలు. ఏటవాలు కోతలో గిన్నె ప్రక్కకు జారును, దాని లోతు చాలదు, పండ్లు విరుగును. కాగితమునకు కోణమనిన భయము లేదు. కావున, మిత్రులయొద్ద నాచర్ ఒకటి ఎరువు దెచ్చి, హోల్ సాలు మూడు మాత్రము కొని, ముప్పదిరెండింటిని దానితోను, ఆరింటిని కాగితముతోను ఆకురాయితోను కోయుటకు నిశ్చయమైనది. మేస్త్రి ముఖమున కొంత గెలుపు గనబడెను.

పోటీవారు మాటలను నమ్మరు. పంజరమును అతుకువాడే రెండు మచ్చుతునకలు అతికి చూపవలెను. నిలువుకోణపుదానిని విఱిచినప్పుడు అతుకు నిలిచి గొట్టమే చినుగవలెను. రెండవది ముప్పది డిగ్రీల ఏటవాలుది. దానిని నిలువున చీల్చి, కరగిన లోహము లోపలిదాక పాకినదో లేదో చూడవలెను. మావాడు తొందరపడి రెండవదానిని కాగితము లేకుండ కంటిగుర్తుతో కోసెను. పైకి ముత్యాలకోవవలె నున్న అతుకును చీల్చగా, లోపల వెండ్రుకవలె నల్లని గీత యొకటి పొడుగునను గనబడెను. వాడు దానిని చేతబట్టుకొని చాలసేపు మాటాడలేదు. మఱునాడు కాగితము చుట్టి, లోపలి అంచు తీసి, మరల చేసిన తునకయందు ఆ గీత లేదు.

అతుకుటకు ముందు గొట్టములన్నియు బొట్లుబొట్లుగా అంటించి నిలిపిన దినమున మా యక్కగారు కరీంనగరమునుండి బస్సులో వచ్చెను. కుమారునితో పలుకలేదు. మేము చెప్పినమీదట సంచిలోని క్యాలెండరు కాగితమును చింపి, ఆ ముక్కను ప్రతి సంధియందును దూర్చి చూచుచు పంజరము చుట్టును తిరిగెను. ముప్పదియారింట దూరలేదు. సీటు వెనుక రెండింట గోరు మేర లోనికి బోయెను. ఆమె కాగితము నచటనే యుంచి కొడుకు వంక జూచెను. వాడు ఆ రెండింటిని ఊడదీసి ఆకురాయి చేతబట్టెను.