భీమండి అవ్వ పేరు

2022లో మా నాయనగారి అస్థికలు గోదావరిలో కలపడానికి నాసిక్ వెళ్లాను. మా నిజాంపురా నుంచి ఆగ్రా రోడ్డు పట్టుకుంటే షహాపూర్, కసారా ఘాటు, ఇగత్‌పురి మీదుగా పంచవటి సుమారు 130 కిలోమీటర్లు. రామకుండంలో స్నానమయ్యాక పురోహితుడు గోత్రం అడిగాడు, చెప్పాను. తాత, ముత్తాతల పేర్లు అడిగాడు, చెప్పాను. నాయనమ్మ పేరు అడిగాడు, అదీ చెప్పాను. నాయనమ్మకు అత్తగారి పేరేమిటన్నాడు. నా నోరు పెగలలేదు.

ఇంట్లో అందరూ ఆమెను ‘భీమండి అవ్వ’ అనే తలచుకునేవారు. భివండిని మన కరీంనగరం వైపు భీమండి అంటారని పాఠకులకు తెలిసినదే. పేరు తెలియకపోతే ‘ప్రపితామహి’ అంటే చాలునని పురోహితుడు కార్యం జరిపించాడు. కర్మకు లోటు రాలేదు గాని, నా మనసుకు మాత్రం తృప్తి కలగలేదు.

కారణం చెబుతాను. 1930లలో భివండికి మరమగ్గాలు వస్తున్న కాలంలో మా ముత్తాత ఇక్కడికి వచ్చాడు. 1857 తరువాత ఉత్తర దేశం నుంచి వచ్చి స్థిరపడిన మోమిన్ నేతగాళ్లు అప్పటికే ఇక్కడ మగ్గాలు నడుపుతున్నారు. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ జిల్లాల సాలెలు చేతిమగ్గం గిట్టక ఒక్కొక్కరే ఈ దారి పట్టారు. ముత్తాత వచ్చిన కొన్నేళ్లకే దగ్గు పట్టుకొని మంచాన పడి పోయాడు. నలుగురు పిల్లలతో అవ్వ మిగిలింది. తిరిగి ఊరికి పోతే కూడు లేదు. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టి, ఆ కూలితో నలుగురినీ పెంచింది. ఇవాళ మాకు నిజాంపురాలో ఒక ఇల్లంటూ ఉన్నదంటే అది ఆమె చలవ. అటువంటి మనిషికి నీళ్లు వదిలేటప్పుడు పేరు లేకపోయింది.

ఇంట్లో కాగితాలు వెదుకుదామా అంటే, 2005 జూలై 26 నాటి వానకు నీళ్లు నడుములోతు వచ్చి, తాతగారి ట్రంకుపెట్టెలోని రేషను కార్డు, బడి సర్టిఫికెట్టు, ఉత్తరాలు అన్నీ ముద్దయిపోయాయి. రిజిస్టర్లు తిరగేయడమే నా ఉద్యోగం గనుక, నాసిక్ తీర్థపురోహితుల వహీలు గుర్తుకు వచ్చాయి. నెల తిరిగాక మళ్లీ వెళ్లాను.

ఆ వహీల తీరు చూడదగినది. పొడుగాటి పుస్తకాలు, జిల్లా, ఊరు, కులం, ఇంటిపేరు వరుసన ఉంటాయి. పాతవి మోడీ లిపిలో ఉండడంవల్ల మరాఠీ బాగా వచ్చినవారికి సైతం చదవరావు. పురోహితుడు కరీంనగర్ కింద వెదికాడు, దొరకలేదు. అప్పుడు నాకు తట్టింది: 1905లో కరీంనగర్ జిల్లా కాకముందు మనది ఎలగందల్ జిల్లా. ఎలగందల్ చూడమన్నాను. రెండు నిమిషాలలో ముత్తాత బయటపడ్డాడు! శకం 1860, అనగా 1938లో తన తండ్రి అస్థికలతో వచ్చాడు. ఊరి పేరు, తండ్రి పేరు, ఇద్దరు తమ్ములు, ఇద్దరు కొడుకులు, కింద వేలిముద్ర. ఆ ముద్ర మీద వేలు పెట్టి చాలాసేపు చూశాను. కాని భార్య పేరు లేదు. కూతుళ్ల పేర్లూ లేవు.

ఈ లోటు మనకే కాదు. 1620లో మేఫ్లవర్ ఓడలో 102 మంది ఇంగ్లండు నుంచి అమెరికాకు వలసపోయారు. వారి వంశాలు వెదకడం అక్కడ పెద్ద శాస్త్రమే అయింది. బోస్టన్‌లో 1845లోనే అందుకొక సంఘం వెలిసింది. చర్చి పుస్తకాలు, వీలునామాలు, భూమి దస్తావేజులు వారికి ఆధారం. ఆ వలస గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్ ఓడలో వచ్చిన కుటుంబాల జాబితా రాసిపెట్టాడు. అందులో ఎడ్వర్డ్ ఫుల్లర్ అని ఒకాయన ఉన్నాడు. పక్కన ఆయన భార్య అని ఉంది, పేరు లేదు. ఒడ్డు చేరిన కొద్దికాలానికే ఇద్దరూ పోయారు. కొడుకు శామ్యూల్ బతికి, అతని సంతతి నేటికీ వర్ధిల్లుతున్నది. అంత శ్రద్ధగా రాసుకున్నవారి దగ్గరా తల్లి పేరు జారిపోయింది.

దసరా సెలవులకు కల్యాణ్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కామారెడ్డిలో దిగి, బస్సులో సిరిసిల్ల చేరాను. అక్కడా సాంచాల చప్పుడే. కళ్లు మూసుకుంటే నిజాంపురాలో ఉన్నట్టే ఉంది. మానేరు దాటి వహీలో చూసిన పల్లెకు వెళ్లాను. మా ముత్తాత తమ్ముని మనుమరాలు, తొంభైకి దగ్గర పడిన ముసలమ్మ, అరుగు మీద కూర్చుని ఉంది. మా తాత పేరు చెప్పగానే చేయి పట్టుకొని లోపలికి తీసుకుపోయింది.

ఆమె చిన్నతనంలో కూనపులివారు ఊరికి వచ్చి, రంగుల పటం దించి, రాత్రుళ్లు మార్కండేయ పురాణం చెప్పేవారట. మార్కండేయునికి భావనాఋషి, ఆయనకు సూర్యుని కూతురు భద్రావతి భార్య, అక్కడినుంచి నూటొక్క గోత్రాలు. మూలపురుషుని ఇల్లాలి పేరు ఊరూరా పాడించుకున్నవాళ్లం, ముత్తవ్వ పేరు మరచిపోయామే అనిపించింది.

అడిగితే ముసలమ్మ నవ్వింది. “పేరు వెట్టి ఎవలు పిలిసిండ్లు బిడ్డా? గా ఊరికి పోయినంక భీమండి అవ్వనే అయ్యె. అంతకుముందు ఫలానోళ్ల కోడలు.” కాసేపాగి మళ్లీ అన్నది: “మా అవ్వ చెప్తుండె. పెండ్లినాడు పుట్టింటోళ్లు ఇత్తడి బిందె వెట్టిండ్లట. అంచుకు పేరు కొట్టిచ్చిండ్లట. అది ఎత్తుకొనే భీమండి వోయిందట. సూసుకో కొడుకా, మీ ఇంట్లనే ఉంటది.”

నిజాంపురా చేరేసరికి తెల్లవారింది. మా అమ్మను అడిగాను. అటక మీద సొట్టలుపడిన బిందె ఒకటి ఉన్నదనీ, దీపావళికి కంచర కొట్టులో వేసి స్టీలుది తెద్దామనుకున్నాననీ అన్నది! దించాము. దాన్నిండా పాత కండెలు. వాటిని కుమ్మరించి, చింతపండు వేసి అమ్మే తోమింది. మెడ కింద చుక్కచుక్కలుగా నాలుగు అక్షరాలు తేలాయి. మొదటి అక్షరం సగం అరిగింది; నీళ్లకు ఎత్తినప్పుడల్లా చేయి తగిలే చోటు అది. మా అమ్మాయికి మరాఠీ బడి చదువు. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. అదే గట్టిగా పైకి చదివింది. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

మా ఇంటి పేరును పత్రికలో పెట్టను గాని, మరుసటి ఏడు నాయనగారి ఆబ్దికంనాడు ప్రపితామహి అన్నచోట పూర్తి పేరు చెప్పి నీళ్లు వదిలాను.

సోదరీమణులకు ఒక మనవి. పాత సామాను మారుబేరానికి వేసేముందు అంచులూ అడుగులూ ఒకసారి తోమి చూడండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందు ఆడవాళ్ల పేర్లు అడిగి, వారి పుట్టిల్లు, ఆ ఊరి పాత జిల్లా పేరుతో సహా పుస్తకంలో రాసిపెట్టండి. మగవాళ్ల పేర్లు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి.