పిండి రుబ్బుదామా, కూరలు వండుదామా?

ఉద్యోగం మానకుండానే ఏదైనా పెడదామని నేనూ అమ్మా రెండు నెలలుగా లెక్కలేస్తున్నాం. నాన్న రిటైరయ్యారు. ఉన్నదల్లా నా సేవింగ్స్ 2 లక్షలు.

మొదట కర్రీ పాయింట్ అనుకున్నాం. హైదరాబాద్‌లో బ్యాచిలర్లు బతికేదే వాటి మీద కదా! కానీ రాత్రి మిగిలిన పప్పు, వేపుడు మర్నాడు అమ్మలేం. పైగా కూరలు బాగా పోయే ఎనిమిదింటికే నాకు అమెరికా క్లయింట్‌తో కాల్.

ఇడ్లీ, దోసె పిండి అలా కాదు. పొద్దున నానబోసి సాయంత్రం రుబ్బేస్తే, రాత్రంతా పులిసే పని దానిదే. తెల్లారి ఎనిమిదిలోపు అపార్ట్‌మెంట్లలో ఇచ్చేసి లాగిన్ అయిపోవచ్చు. మిగిలినా ఫ్రిజ్‌లో రెండ్రోజులు ఆగుతుంది. (ఎండాకాలం సంగతి వేరే, కాస్త ఆలస్యమైనా పులుపే.)

ముద్రా ‘శిశు’ లోన్ 50,000 దాకా ఇస్తారు, తాకట్టు అక్కర్లేదు. అమ్మకు నడుం నొప్పి. అందుకే పిండి వంచి తీసుకునే టిల్టింగ్ గ్రైండరే కొంటాం. ఈ ఆదివారం మా బ్లాక్‌లో 20 ప్యాకెట్లతో ట్రయల్.