కుట్టుయంత్రముపై రింగుపని



కుట్టుయంత్రము గల యిండ్లు మనలో అనేకములు. కాని దానిచే మనము చేయించుకొను పని స్వల్పము. దిండుగలీబు అంచు, పిల్లవాని లాగు, వదులైన రవిక, ఇంతటితో దాని యుద్యోగము ముగియును. తరువాత దానిపై ఒక దుప్పటి కప్పి, ఆ దుప్పటిపై వార్తాపత్రికలును మందుసీసాలును పెట్టుదుము. పండుగకు రవికచేతులపై నాలుగు పూలు కావలసినప్పుడు మాత్రము గుడ్డను పట్టుకొని అంగడికి పోవుదుము. ఆ పూలను మన యింటి యంత్రమే కుట్టగలదు. అందులకు అదనముగ కావలసినది ఒక కొయ్య రింగు, కొంత ఓపిక. ఈ సంగతి మాకు అనుభవమునకు వచ్చిన విధమును మీకు మనవి చేయుచున్నాము.

మా కాపురము శ్రీశైలక్షేత్రమున. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీనుండి ఈ క్షేత్రము నంద్యాల జిల్లాలో చేరినది. అంతకుముందు కర్నూలు జిల్లాలోనిది. ఇచ్చట వస్త్రమనునది కట్టుకొనునది మాత్రమే కాదు, మ్రొక్కుబడి కూడ. మహాశివరాత్రినాటి రాత్రి దీపములన్నియు ఆర్పివేయగా, ఒక నేతగాడు ఆ చీకటిలో మల్లికార్జునస్వామివారి విమానమునకు పాగా చుట్టును. ఆ వస్త్రమును సంవత్సరము పొడవున రోజునకొక మూర చొప్పున నేయుదురు. ఉగాదికి కన్నడదేశమునుండి వచ్చు భక్తులు భ్రమరాంబను తమ యింటి ఆడపడుచుగా భావింతురు. కావున పుట్టింటివారివలె చీర, రవికెగుడ్డ, పసుపుకుంకుమలు తెత్తురు. ఇట్టి చోట నుండువారికి గుడ్డపై గౌరవము సహజముగనే కలుగును.

మా యింటి యంత్రము కాలితో త్రొక్కునది. మా అత్తగారి కాలమునాటిది. రింగుపనికి ఇట్టిదియే తగును. చేతితో చక్రము త్రిప్పు యంత్రమైనచో కుడిచేయి చక్రమునకే చాలును. రింగును నడుపుటకు ఎడమచేయి యొక్కటియే మిగులును. మోటారు పెట్టించుకొన్నవారికి చేతులు రెండును ఖాళీగ నుండును గాని, నేర్చుకొను దినములలో కాలి నెమ్మదియే మేలు. కరెంటు పోయినను మా పని ఆగదు.

యంత్రవ్యామోహమును ఖండించిన గాంధీమహాత్ముడు సైతము 1924లో ఒక సంభాషణయందు సింగరు కుట్టుయంత్రమును మినహాయించి మెచ్చుకొనెను. మనిషి శ్రమను తగ్గించు యంత్రము వేరు, మనిషి చేతినే తొలగించు యంత్రము వేరు. రింగుపనిలో ఈ భేదము స్పష్టముగ తెలియును. ఇందు యంత్రము సూదిని మాత్రమే ఆడించును. గీత, వంపు, రేకు, ఇవన్నియు చేతివే.

రింగెందులకని కొందరు అడుగుదురు. మామూలు కుట్టులో సూది ప్రక్కనున్న పాదము గుడ్డను అదిమిపట్టును. క్రిందనున్న పళ్ళు దానిని వెనుకకు నడుపును. ఈ రెండును ఉన్నంతవరకు కుట్టు తిన్నగా పోవును గాని, పూరేకువలె తిరుగదు. కావున పాదమును విప్పివేయవలెను. పళ్ళను దింపవలెను, దింపుటకు వీలులేని పాత యంత్రములలో వానిపై రేకు బిగింపవలెను. అయితే పాదము లేనప్పుడు సూది పైకి వచ్చుచు గుడ్డను కూడ వెంట లేపును. అట్లయినచో గుడ్డ క్రింద దారము ఉచ్చువలె విచ్చుకొనదు; షటిలు దానిని అందుకొనలేదు; కుట్టు తప్పిపోవును. గుడ్డను బిగువుగ నుంచి ఈ లోటు తీర్చునదే రింగు. తీసివేసిన పాదమునకు అది బదులు.

ఇక బిగించు పద్ధతి. చేతికుట్టునకు గుడ్డ రింగు పైభాగమున నుండును. యంత్రమునకు ఇది తలక్రిందు. పెద్ద రింగును బల్లపై నుంచి, దానిపై గుడ్డను మంచివైపు పైకి వచ్చునట్లు పరచి, చిన్న రింగును దానిలోనికి నొక్కవలెను. అప్పుడు గుడ్డ అడుగున చదునై యంత్రపు పలకను అంటియుండును. చిన్న రింగునకు ముందుగ మెత్తని పాతగుడ్డ పీలికను చుట్టినచో పట్టు జారదు. లాగునప్పుడు పడుగు, పేక నడచు దిక్కులకే లాగవలెను. మూలగా లాగినచో రింగు తీసిన వెంటనే పువ్వు వంకరపోవును. వ్రేలితో తట్టినప్పుడు గుడ్డ తప్పెటవలె మ్రోగినచో బిగువు సరియైనదని తెలిసికొనవలెను.

సూదిని పూర్తిగ పైకెత్తి రింగును దాని క్రిందికి జరుపవలెను. పాదము లేదు గదా యని దానిని దింపు మీటను మరువరాదు. ఆ మీట దిగినప్పుడే పైదారమునకు బిగువు వచ్చును. లేనిచో దారము అడుగున పిచ్చుకగూడువలె చుట్టుకొనును. చక్రమును ఒకమారు చేతితో త్రిప్పి బాబిను దారమును పైకి తీసి, దారములు రెండును పట్టుకొని, ఒక్కచోటనే మూడు నాలుగు పోట్లు వేసిన పిదప కొసలను కత్తిరింపవలెను. పైదారపు బిగువు కొంచెము సడలించినచో అడుగుదారము పైకి కనబడదు. కాలు వడిగను, చేయి నెమ్మదిగను నడువవలెను. చేయి తొందరపడి గుంజినచో సూది వంగి విరుగును. వ్రేళ్ళు రింగు అంచుననే యుండవలెను గాని సూది దరిదాపులకు పోరాదు. రాత్రి పని చాలించునప్పుడు రింగును తప్పక తీసివేయవలెను. లేనిచో గుడ్డపై వలయపు మచ్చ నిలిచిపోవును.

పువ్వులతో ప్రారంభింపవద్దని మా సలహా. మొదట చినిగిన పాతపంచెను రింగులో బిగింపుడు. చినుగు క్రింద పలుచని గుడ్డముక్క నుంచి, ముందు పడుగు వెంట, తరువాత పేక వెంట దగ్గర దగ్గరగా కుట్టుకొని పొండు. సూదితో నేత నేసినట్లగును. పాదము తీయుట, పళ్ళు దింపుట, రింగు నడుపుట, అన్నియు పువ్వునకు వలెనే. పది చినుగులు మాన్పిన చేతికి తిన్నని గీత వశమగును. తిన్నని గీత వశమైనచో రేకు దానంతట అదియే వచ్చును.

ఒక ఉగాదికి కన్నడభక్తులు గుంపుగా వచ్చిరి. వెంకటాపురమునుండి నాగలూటి, పెచ్చెరువుల మీదుగ నల్లమల అడవిలో కాలినడకన వచ్చినవారు. అందులో ఒక ముదుసలి మా అరుగుపై కూర్చుండి మూట విప్పెను. అమ్మవారికై తెచ్చిన నూలుచీర. త్రోవలో ముండ్లకంప తగిలి జేనెడు మేర చినిగినది. ఆమె కన్నులలో నీరు నిలిచెను. సంవత్సరమంతయు కూలిడబ్బులు దాచి కొన్న చీరయట.

“ఏడవకు అవ్వా, కుట్టి ఇస్తాము” అని రింగు తెచ్చితిమి. చినుగు మూసి, దానిపై ఒక మల్లెకొమ్మ కుట్టినచో అతుకు కనబడదని మా యూహ. మల్లెలతో పూజలందుకొనుటచేతనే స్వామికి మల్లికార్జునుడను పేరు వచ్చినదని మా క్షేత్రకథ. కాని మా యింటి పెద్దలు ఒప్పుకొనలేదు. అతుకు పెట్టిన వస్త్రము దేవతకు పనికిరాదనిరి. భక్తితో తెచ్చినదానికి దోషమేమని మేము వాదించితిమి. ఇరువురి మాటలును అవ్వ వినుచుండెను. ఆమెకు తెలుగు కొంచెము వచ్చును.

“కూతురికి చినిగిన చీర పెడతానా తల్లీ? అట్లని పారేస్తానా?” అని ఆమె మెల్లగా అనెను.

ఆ మాటతో వాదము తీరిపోయెను. చీరను మాన్పి ఇమ్మనెను. అది ఇంటికి పోయి కోడలు కట్టుకొనవలెనట. అమ్మవారికై బజారులో ఒక పచ్చని రవికెగుడ్డ కొని తెచ్చి, దాని నాలుగు మూలల నాలుగు మల్లెలు కుట్టుమనెను. తెల్లవారి దర్శనమునకు పోవలెను గనుక ఆ రాత్రి భోజనమైన పిదప యంత్రము ముందు కూర్చుంటిమి. చీరకు రంగు కలిసిన దారము, రవికెగుడ్డకు తెల్లదారము. రింగు ఒక్కటే, పని మాత్రము రెండు విధములు. ఒకటి ఇంటిలో మిగిలినదానిని నిలుపుట, రెండవది ఇచ్చుటకై అలంకరించుట. గృహిణికి రెండును తెలియవలెను. అవ్వ డబ్బీయవచ్చెను గాని దారపు ఖరీదు మాత్రమే పుచ్చుకొంటిమి.

నమూనాలకై పుస్తకములు వెదుకనక్కరలేదు. మా ఆలయప్రాకారపు గోడలపై ఏనుగులు, గుఱ్ఱములు, వేటగాండ్రు వరుసలు వరుసలుగ చెక్కబడియున్నారు. ఏనుగు వరుస పిల్లల దిండునకు ఎంత చక్కగ నమరునో కుట్టి చూడుడు. ఆళ్ళగడ్డ శిల్పుల వాకిండ్లలో రాతిపై తీగలు చుట్టుకొనుట చూచినవారికి రవికచేతికి తీగ గీయుట కష్టము కాదు. మన ముగ్గులు సరేసరి. కాగితముపై బొమ్మ గీసి, గీత వెంట సూదితో పొడిచి, కిరసనాయిలులో కలిపిన నీలిమందును గుడ్డతో రుద్దినచో బొమ్మ వస్త్రముపై దిగును.

నేడు పట్టణములలో కంప్యూటరు యంత్రములు క్షణములలో పూలు కుట్టుచున్నవి, ఇక ఈ శ్రమ యేల యని మీరడుగవచ్చును. ఆ యంత్రములు సైతము రింగును విడువలేదు; చేతికి బదులు మోటారు దానిని నడుపును, అంతియే. వేయి రవికలకు ఒకే పువ్వు కావలెనన్నచో ఆ యంత్రమే మేలు. చినిగినచోటు చూచి అక్కడనే నేత నేయవలెనన్నను, మనుమరాలి పేరు ఆమె వ్రాసినట్లే గౌనుపై కుట్టవలెనన్నను, చూచు కన్ను, నడుపు చేయి కావలెను. ఈ విద్యను జీవనముగ చేసికొనదలచిన యువతులకు ప్రభుత్వపు సాంకేతిక పరీక్షలలో కుట్టుపని, ఎంబ్రాయిడరీలకు లోయరు, హయ్యరు అను రెండు తరగతులు కలవు. ఇల్లు విడిచి పోలేని స్త్రీకి ఇంటిలో సంపాదించు నాలుగు రూపాయలు ఎంతటి ధైర్యమో మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

కావున, సోదరీమణులారా, పాత కాలియంత్రమును ఇనుపసామానువానికి తూచి ఇచ్చుటకు ముందు ఒక్కమారు దానికి నూనె వేయుడు. తోలుపట్టీ సాగినచో ఒక అంగుళము కత్తిరించి బిగింపుడు. ఒక రింగు కొని తెచ్చి, ఇంటిలోని పాతపంచెను తీసి, కూతురిని గాని కోడలిని గాని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. మొదటి దినమున పూలు రావు. చినుగు మాత్రము తప్పక మూసికొనును. అంతటితో ఆ దినపు పని సార్థకము.