పండుగ పూట కూర్చున్న అమ్మ

డిసెంబరు వస్తే కామారెడ్డి బజారులో కాలు పెట్టే జాగా ఉండదు. బస్టాండులో ఎల్లారెడ్డి బస్సులో సీటు దొరకడం గగనమే. కళాశాలలో పరీక్షలు, ఊళ్లో వడ్ల అమ్మకం, రాత్రిళ్లు ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు. ఈ హడావుడిలో పండుగ ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయేదో తెలిసేది కాదు.

పండుగ అందరిదీ, పని మాత్రం అమ్మది! గోడలకు సున్నం, గారెలు, గర్జెలు, చుట్టాలకు వంటలు. అన్నీ ముగించుకొని గుడికొచ్చి, వెనుక గోడకు ఆనుకొని ప్రసంగం నడుమ కునుకు తీసేది.

మా ఎల్లారెడ్డి నుండి మెదక్ ఎంతో దూరం కాదు. అక్కడి పెద్ద చర్చిని చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర 1914లో మొదలుపెట్టి, కరువు రోజుల్లో జనానికి పనీ, అన్నమూ చూపి కట్టించాడు. 1924 డిసెంబరు 25న దానికి ప్రతిష్ఠ జరిగింది. ఆనాడు పనిచేసిన చేతులకు అన్నం దొరికింది. మరి మన ఇళ్లలో పనిచేసే చేతులకు విశ్రాంతి ఏదీ?

మొన్నటి క్రిస్మస్‌కు వంటలు తగ్గించి, పొయ్యి పని, బోళ్ల పని తమ్ముడూ నేనూ పంచుకున్నాం.

"నేను జేస్త, మీరు పోండ్రి" అన్నది అమ్మ.

"జర నువ్వు కూసో అమ్మా" అని గంటె అందుకున్నాం.

ఆ రోజు అమ్మ అందరికన్నా ముందు గుడికి పోయి, ముందు చాప మీద కూర్చుంది. పశువుల పాకలో బిడ్డను కన్న మరియ కథ రెప్ప వాల్చకుండా విన్నది. ఇంటికొస్తూ, "గంత దూరం నడిసొచ్చి కన్నది. ఆ తల్లి గూడ ఎంత అలసిందో కదరా!" అన్నది. ఏటేటా వినే కథే. ఆ మాట మాత్రం మాకు ఏ ప్రసంగంలోనూ వినబడలేదు.

మిత్రులారా! సెలవులకు ఇంటికి పోతారు కదా. మీ పండుగ ఏదైనా సరే, ఆ పూట మీ అమ్మ ఎక్కడ కూర్చుందో ఒక్కసారి చూడండి.