అనుమానానికి ఇంగ్లీషు

మా మనవరాలికి రోజుకు పది డౌట్లు. "తాతయ్యా, చిన్న డౌటు" అంటూ పుస్తకం పట్టుకొచ్చిందంటే నా మధ్యాహ్నపు కునుకు గోవిందా అన్నమాటే. మొన్న తెచ్చిన డౌటు ఏమిటనుకున్నారు? అసలు 'డౌట్'కీ, 'సస్పెక్ట్'కీ తేడా ఏమిటని! రెండింటికీ 'అనుమానించు' అనే రాసుకుందిట నోట్సులో.

అడగక అడగక నన్నే అడిగింది.

1978లో నేనొక ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాను. ఊరూ పేరూ ఎందుకులెండి. ఒకనాడు క్యాషియరు సొరుగులోంచి 340 రూపాయలు మాయమయ్యాయి. ఆ రోజుల్లో అది తక్కువ సొమ్మేమీ కాదు. అందరి చూపులూ అటెండరు మీదికే పోయాయి. నలుగురు పిల్లలవాడు, పైగా ఆ పొద్దున గది ఊడ్చింది అతనే. నిజం చెప్పొద్దూ, నాకూ అతని మీదే అనుమానం. ఎవరికి తెలిసింది వారు రాసివ్వమన్నారు ఆఫీసరుగారు. మిగతావాళ్ళు నాలుగు ముక్కలు తెలుగులో గీకి ఇచ్చారు. నేను మాత్రం నా ప్రతాపం చూపించాలని ఒక పేజీ ఇంగ్లీషు దంచి, చివర్న 'ఐ డౌట్ దట్ ది అటెండర్ టుక్ ది మనీ' అని ముగించాను. అటెండరే తీశాడని నా అనుమానం అని నా భావం సుమండీ!

ఆఫీసరుగారు పిలిచారు. కళ్ళజోడు పైనుంచి చూస్తూ, "అందరూ అతనే అంటుంటే నువ్వొక్కడివే అతను తీసి ఉండడంటున్నావు. అంత నమ్మకమేమిటయ్యా?" అన్నారు.

నాకు గుండె జారిపోయింది. కాదండీ, నేను రాయదలచుకున్నది దానికి సరిగ్గా ఎదురు అంటే నా ఇంగ్లీషు బండారం బయటపడుతుంది. కాలేజీలో ఇంగ్లీషులో ఫస్టు వచ్చినవాణ్ణి. పరువు సంగతి!

"అవునండీ, మంచి మనిషండీ" అన్నాను.

"నిజమేలే, చూసినవాళ్ళెవరూ లేరుగా" అని ఆయన కాగితాలన్నీ కట్టకట్టి పక్కన పెట్టేశారు. పోలీసుల దాకా వెళ్ళలేదు. ఆ సొమ్ము క్యాషియరే కట్టుకున్నాడు. ఎవరు తీశారో ఈనాటికీ తేలలేదు.

ఇంగ్లీషువాడి లెక్క ఇదీ: ఫలానాది నిజం కాదేమో అనిపిస్తే 'డౌట్', నిజమేనేమో అనిపిస్తే 'సస్పెక్ట్'. ఒకటి తూర్పు, ఒకటి పడమర. 'డౌట్' లాటిన్‌లో 'రెండు' అనే మాటకు చుట్టం. రెండు దారుల మధ్య నిలబడ్డ మనసన్నమాట. 'సస్పెక్ట్'కు మూలం కిందినుంచి పైకి చూడడం. ఆ వారమంతా మేం అటెండరును చూసిన చూపు అదే. మన తర్కశాస్త్రంలో అనుమానమంటే పెద్ద ప్రమాణం, పొగను చూసి నిప్పుందని తేల్చుకోవడం. మేమో, చీపురును చూసి దొంగతనం తేల్చుకున్నాం!

తెలుగులోకొచ్చాక డౌటు రెండు పడవల మీదా కాలు పెట్టింది. "వాన పడుతుందా?" అంటే "డౌటే" అంటాం, పడదేమో అని. "వాడే తీశాడని నా డౌటు" అంటే మాత్రం తీశాడనే. ఏమాటకామాటే చెప్పుకోవాలి, షేక్‌స్పియర్ కాలంలో ఇంగ్లీషువాళ్ళూ డౌట్‌ను నాలాగే వాడేవారు. స్కాట్లండులో కొందరు ఇప్పటికీ వాడతారు. ఈ ముక్క నాకు రిటైరయ్యాక తెలిసింది. ఆ రోజే తెలిసి ఉంటే ఆఫీసరుగారి ముందు పాండిత్యం ఒలకబోసి, ఒక మనిషి కూడు పోగొట్టేవాణ్ణి.

ఎలా తెలిసిందో ఏమో, వారం తిరక్కుండా అటెండరు మా ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. "తమరొక్కరే నన్ను నమ్మారు బాబూ" అని చేతులు జోడించాడు. అది మొదలు రిటైరయ్యేదాకా, చెట్టు కాసినప్పుడల్లా మునక్కాయల కట్ట తెచ్చి ఇచ్చేవాడు. మా ఆవిడ పులుసు బ్రహ్మాండంగా పెట్టేది. నాకే గొంతు దిగేది కాదు. ఒకసారి ఉన్నదున్నట్టు చెప్పేద్దామని బయలుదేరి, సగం దారిలో వెనక్కి తిరిగాను.

అంతా విని మనవరాలు, "ఇంతకీ డబ్బు తీసింది ఆయనేనా తాతయ్యా?" అంది.

"డౌటే" అన్నాను.

"ఏ డౌటు? తెలుగుదా, ఇంగ్లీషుదా?"

"ఇంగ్లీషుదేనమ్మా."